గడీకి కెమెరా పట్టినప్పుడు

హనుమకొండ,
బతుకమ్మ పండుగ దాటిన వారం

అన్నా,

వానలు ఈసారి ఆలస్యంగా వచ్చి, ఆలస్యంగానే పోతున్నాయి. పత్తి తడిసిందని మా మామ ఒకటే మొత్తుకోవడం. ఆయన ముందు అనలేను గానీ, నాకు మాత్రం ఈ వానలు కలిసొచ్చాయి. ఎట్లాగో కింద రాస్తాను.

నువ్వు పంపిన డెట్రాయిట్ ఫొటోలు అందాయి. ఫోన్లో చూసి ఊరుకోలేక స్టూడియోలో పెద్ద మానిటర్ మీద పెట్టి చూశాను. ప్యాకార్డ్ కార్ల ఫ్యాక్టరీని కూల్చకముందు తీసినవి ఉన్నాయే, వాటికి వంక పెట్టలేను. కాంక్రీటు స్తంభాల వరస, నేలంతా మంచు కరిగిన నీళ్ళు, ఆ నీళ్ళలో తలకిందులుగా కప్పు. 1903లో మొదలైన ఫ్యాక్టరీ, 1950ల నడుమ కార్లు చేయడం మానేసింది, ఆ తర్వాత అరవై ఏళ్ళకు పైగా అట్లాగే నిలబడింది. 2022లో మొదలుపెట్టి మున్సిపాలిటీవాళ్ళు దాదాపు అంతా నేలమట్టం చేశారు కాబట్టి ఇప్పుడు నీ హార్డ్ డిస్కులో ఉన్నదే ఆస్తి. రెండు కాపీలు చేసి పెట్టుకో.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇన్ని ఫొటోల్లో ఒక్క మనిషీ లేడేమన్నా?

ఇది నాకు ఊరికే తట్టిన ప్రశ్న కాదు. ఏడాదిగా నేను పాత దొరల గడీల ఫొటోల మీద పడ్డానని నీకు తెలుసు కదా. జనగామ, సిద్దిపేట, సిరిసిల్ల, జగిత్యాల వైపు ఏ ఊళ్ళో పాడుబడ్డ గడీ ఉందని తెలిసినా బండి వేసుకుని పోతున్నాను. మన చిన్నతనంలో బస్సులో పోతుంటే చింతచెట్ల మీదుగా బురుజు తల కనబడేది, గుర్తుందా? దొరలు పోయారు, బురుజులు కొన్ని మిగిలాయి. కొన్ని గడీలు బడులయ్యాయి, కొన్ని పంచాయతీ ఆఫీసులయ్యాయి, కొన్నింట్లో కొంతకాలం పోలీసు క్యాంపులు నడిచాయి. మిగిలినవి సీతాఫలం చెట్లకు, గబ్బిలాలకు వదిలేశారు.

నేను ఎక్కువగా తీస్తున్నది వాటిలో ఒకదాన్ని. ఊరి పేరు రాయను. నీ మీద నమ్మకం లేక కాదు, ఫొటో పెట్టి ఊరి పేరు రాస్తే ముందుగా వచ్చేది అభిమానులు కాదు. లంకెబిందెల కోసం తవ్వేవాళ్ళు వస్తారు, టేకు దంతెలు కొనే బేరగాళ్ళు వస్తారు. ఈ గడీలోనే దేవుడి అర్రలో నడుము లోతు గుంత ఉంది. అమావాస్యకు ఎవరో వచ్చి తవ్విపోయారట. నిమ్మకాయలు, ఎండిన కుంకుమ ఇంకా అక్కడే ఉన్నాయి. దాని పక్క గోడకు రెండు గూళ్ళు. వాటి చుట్టూ సున్నంతో చేసిన చిలుకలు. ఒక చిలుకకు ముక్కు పోయింది, రెండోదాని రెక్క కింద ఈక ఈకా లెక్కపెట్టవచ్చు. చేసినవాడు ఏ ఊరి మేస్త్రీయో, ఆ ఈకలకు ఎంత కూలి ముట్టిందో, అసలు ముట్టిందో లేదో!

పెద్ద దర్వాజ మూసే ఉంటుంది, ఇనుప బొడిపెలు తుప్పు పట్టాయి. దిడ్డి దర్వాజలోంచి వంగి లోపలికి పోవాలి. దొరగారి ముందు ఎవడైనా వంగే రావాలని అంత చిన్నగా పెట్టారని ఊళ్ళో అంటారు. కోటలన్నింటికీ దిడ్డి చిన్నగానే ఉంటుంది, శత్రువు గుంపుగా చొరబడకుండా. అయినా ఊరివాళ్ళ లెక్క ఊరివాళ్ళది, ఆ లెక్కలోనూ నిజం లేకపోలేదు.

లోపల భవంతి. నడుమ ఆకాశం, నాలుగు దిక్కులా టేకు మొగరాలు. పెద్ద సాలలో దొర కచేరి నడిచేది. అదే సాల తర్వాత ఎన్నో ఏళ్ళు మూడో తరగతి అయింది. గోడకు నల్లరంగు పూసి చేసిన బోర్డు ఇంకా ఉంది, దాని మీద తెల్ల పెయింటుతో రాసిన రెండో ఎక్కం. రెండైదుల పది దగ్గర గచ్చు ఊడిపోయి కింద ఇటుక కనబడుతోంది. ఆ బోర్డుకు ఎదురు గోడలో, కప్పు దగ్గర, రంగుటద్దాల అర్ధచంద్రం. పొద్దు వాలేటప్పుడు ఆ అద్దాల ఎరుపు, ఆకుపచ్చ వచ్చి ఎక్కం మీద పడతాయి. అది పడే కాసేపటి కోసమే మధ్యాహ్నం నుంచి కూర్చున్నాను. ఇది చూస్తే నువ్వు అమెరికా నుంచి నడిచొస్తావు.

వానలు కలిసొచ్చాయన్నాను కదా. ఎండాకాలంలో సున్నం గోడ తెల్లగా, చదునుగా, ప్రాణం లేనట్టు ఉంటుంది. వాన వెలిసిన వారంలో అదే గోడ నీళ్ళు పీల్చి లోపలి రంగులు బయటపెడుతుంది. పైన బడి కాలపు పచ్చ పెయింటు, దాని కింద నీలిమందు కలిపిన సున్నం, ఇంకా కింద జాజు చార. ఒక్క చెయ్యంత జాగాలో మూడు కాలాలు దొరుకుతాయి. దానికి ఏటవాలు వెలుతురు కావాలి. పక్క నుంచి గోడను రాసుకుంటూ వస్తేనే పెచ్చుల అంచులు లేస్తాయి. ఫ్లాష్ వేస్తే అంతా పోతుంది. నాలుగైదు ఎక్స్‌పోజర్లు కలిపి హెచ్‌డీఆర్ చేసి, ప్రతి పెచ్చుకూ బంగారు పూత పూసే మనవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. పెళ్ళికూతురి ముఖానికి పౌడర్ దట్టించినట్టు పాడుగోడకు కూడానా!

ఈ గోడలు ఎట్లా పోతాయో తెలిస్తే ఫొటో ఎక్కడ తీయాలో తెలుస్తుంది, ఎక్కడ నిలబడకూడదో కూడా తెలుస్తుంది. బయట డంగుసున్నం. ఎడ్లను కట్టి గానుగలో రోజుల తరబడి నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి మెత్తినది, రాయిలా ఉంటుంది. లోపల మాత్రం చాలాచోట్ల ఇటుక, మట్టి. కప్పు బాగున్నంత కాలం గోడకు ఢోకా లేదు. దంతెల మీద కన్ను పడి ఎవడో ఒక మూల కప్పు విప్పుతాడు. ఇక వాన పైనుంచి గోడ నడుమకు దిగుతుంది, లోపలి మట్టి కరిగి జారుతుంది, బయటి గచ్చు మాత్రం డొల్లగా నిలబడి ఉంటుంది. వేలి ముడితో తట్టి చూస్తే తెలిసిపోతుంది. డబడబ శబ్దం వస్తే అక్కడి నుంచి జరగాలి. బడి నడిచినప్పుడు పగుళ్ళకు సిమెంటు పూశారు. సున్నం గాలి పీలుస్తుంది, సిమెంటు పీల్చదు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక సిమెంటు అతుకు చుట్టూ సున్నమంతా ఉప్పు కట్టి రాలిపోయింది. ఆ అతుకులు మాత్రం బూడిద రంగులో చెక్కుచెదరకుండా ఉన్నాయి, చూడడానికి బహు వికారం. పిట్టలు రెట్టవేసిన చోట రావిమొక్క లేస్తుంది. దాని వేరు పగులులోకి దిగాక గోడ ఆయుష్షు రావిచెట్టు చేతిలో ఉంటుంది.

మేడ మెట్లెక్కితే నేల నడుమ నడవకూడదు, గోడ వారగా దంతెలు ఆనిన చోటే అడుగు వేయాలి. గోడలోకి పోయిన దంతె కొన చెదపట్టి ఉంటే అదీ ప్రమాదమే. గబ్బిలాల పెంట ఉన్న అర్రలోకి మాస్కు లేకుండా పోవద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. గడ్డిలో బావులుంటాయి. ఇవన్నీ నీకు కొత్త కాదు గానీ, మీ దగ్గర పాముల బెడద తక్కువ కదా, అందుకే రాస్తున్నాను. ఇంకొకటి, పాడుబడ్డ ఇంటికీ యజమాని ఉంటాడు. ఈ గడీ వారసుడు హైదరాబాదులో ఉంటాడు, ఫోన్ చేసి అడిగితే మర్యాదగానే ఒప్పుకున్నాడు. “మేము పోయి ఇరవై ఏళ్ళయింది, మాక్కూడా పంపండి” అన్నాడు.

మనిషి లేడన్న సంగతికి వస్తాను. లోపలి అర్రల్లో వెలుతురు తక్కువ. ట్రైపాడ్ మీద పెట్టి ఐఎస్ఓ 100, ఎఫ్ 11తో తీస్తే ఎక్స్‌పోజర్ 15 సెకన్లకు పోతుంది. ఒక సాయంత్రం సాల చివర కెమెరా పెట్టుకుని బటన్ నొక్కాను. షటర్ తెరుచుకుని ఉండగానే ఒక ముసలవ్వ, ఆమె వెనక రెండు మేకలు, ఫ్రేములో ఆ దర్వాజ నుంచి ఈ దర్వాజకు నడిచిపోయారు. ఫొటో చూస్తే అవ్వ లేదు, మేకలు లేవు. నీడ మరక కూడా పడలేదు. ఎక్కం ఉంది, రంగుటద్దాల వెలుతురు ఉంది, మొగరాల మీద చెక్కడం గోటితో గీసినంత స్పష్టంగా ఉంది. ఫొటో చూసినవాళ్ళంతా “ఎంత నిశ్శబ్దం!” అన్నారు. నిశ్శబ్దమెక్కడిది? మేకలు అరుస్తూనే ఉన్నాయి, బయట ఎవరిదో ట్రాక్టర్‌లో పాట మోగుతోంది. ఆమె రోజూ ఆ దారినే నడుస్తుంది. ఖాళీగా ఉన్నది గడీ కాదు, నా ఫొటో.

ఆమెను ఆపి మాట్లాడాను. ఎనభై దాటి ఉంటుంది. “గిది మంచిగున్నదా బిడ్డా?” అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే. నేను వెలుతురు గురించి ఏదో చెప్పబోయాను, ఆమె వినలేదు. “మా అవ్వ గీడ వడ్లు దంచేది. పొద్దుగాల పోతే దీపాలు పెట్టినంక ఇంటికొచ్చేది. నేను సంటిపిల్లను. పాలియ్యనీకి గూడ ఇడిసిపెట్టకపోదురట,” అంది. అరుగు మీద కూర్చోమన్నాను, కూర్చోలేదు. నిలబడే మాట్లాడింది. మేకలు మాత్రం ఎక్కి అరుగంతా తొక్కుతుంటే ఒక్కసారీ అదిలించలేదు.

వెట్టి గురించి మనం పుస్తకాల్లో చదివాం. చాకలి బట్టలు, కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు, మోట బొక్కెనలు, గౌండ్ల కల్లు, ఏదీ పైసకు కాదు. గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకుని పోవాలి. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40,000 ఎకరాలుండేవని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య రాశాడు. అదే దేశ్‌ముఖ్ ఏలుబడిలోని కడవెండిలో 1946 జూలై 4న దొర మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచి 1951 దాకా సాయుధ పోరాటం. గడీలు ఒకసారి ఖాళీ అయి, 1948లో సైన్యం వచ్చాక కొన్ని మళ్ళీ నిండాయి. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర, ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, ఆ తర్వాత దొరలు పట్నం బాట పట్టడం మనం పుట్టిన కాలపు ముచ్చటే.

అంటే నేను ఫొటో తీస్తున్న ఈ పగుళ్ళు ఊరికే కాలం గడిచి వచ్చినవి కావు. కప్పు మీద గడ్డి మొలిచినప్పుడు పీకించే చాకిరీ ఆగిపోయింది, ఏటేటా సున్నం కొట్టే వెట్టి ఆగిపోయింది. ఆ చేతులు రావడం మానేశాయి కాబట్టి ఈ గోడ పడిపోతోంది. అంత అందంగా పడిపోవడంలో నాకు సగం సంతోషమే ఉందంటే నువ్వు నవ్వుతావేమో. ఆ చిలుకల ఈకలు చూస్తే మాత్రం మనసొప్పదు. అవి దొర చేసినవి కావు కదా.

మీ డెట్రాయిట్‌లోనూ ఇదే తగువు జరిగింది. ఈవ్ మర్షాన్, రొమేన్ మెఫ్ర్ అనే ఇద్దరు ఫ్రెంచి కుర్రాళ్ళు 2010లో ‘ది రూయిన్స్ ఆఫ్ డెట్రాయిట్’ పుస్తకం తెస్తే లోకమంతా మెచ్చుకుంది. ఊళ్ళో ఉన్నవాళ్ళలో చాలామందికి మాత్రం ఒళ్ళు మండింది. 1950లో 18.5 లక్షల జనం, 2020 నాటికి దాదాపు 6.4 లక్షలు. నిజమే, పెద్ద పతనం. కానీ ఆ ఆరు లక్షల మంది అక్కడే బతుకుతున్నారు కదా, వాళ్ళను ఫ్రేము బయట పెట్టి ఊరు చచ్చిపోయిందని చూపిస్తే వాళ్ళకెట్లా ఉంటుంది? ఆ ఇద్దరి ఫొటోలు గొప్పవే, నేను కాదనను. పెద్ద ఫార్మాట్ కెమెరాతో అంత ఓపికగా తీసినవాళ్ళు తక్కువ. అయినా ఊరివాళ్ళ కోపం వైపే నా ఓటు.

నువ్వు మిషిగన్ సెంట్రల్ స్టేషన్ గురించి రాసింది చదివి సంబరపడ్డాను. 1988లో చివరి రైలు పోయాక ముప్పై ఏళ్ళు పాడుబడి, 2018లో ఫోర్డ్ కంపెనీ కొని, 2024లో మళ్ళీ తెరిచారు. అప్పుడెప్పుడో స్టేషన్ గడియారం ఎత్తుకుపోయినవాడు, ఫోర్డ్ కొన్నదని తెలిసి ఫలానా చోట పెట్టాను, తీసుకుపొమ్మని ఫోన్ చేశాడట. మన గడీల దంతెలు తీసుకుపోయినవాళ్ళు ఎవరైనా అట్లా ఫోన్ చేస్తారా! అవి ఇప్పుడు ఫాంహౌసుల్లో ఊయల బల్లలై, రిసార్టుల్లో రిసెప్షన్ మొగరాలై ఉంటాయి.

మన దగ్గరా నిలబెట్టినవి లేకపోలేదు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను వారసులు సున్నంతోనే బాగుచేయించారు, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దానికి అవార్డ్ ఆఫ్ మెరిట్ వచ్చింది. ఒకసారి పోయి చూశాను. పని శుభ్రంగా ఉంది. కానీ ప్రతి గడీకి అంత డబ్బు, అంత శ్రద్ధ ఎక్కడి నుంచి వస్తాయి? వందకు తొంభై పడిపోతాయి. పడిపోయే లోపల ఫొటోలో నిలవాలి. హైదరాబాదులో బషీర్‌బాగ్ ప్యాలెస్ ఎట్లా ఉండేదో ఇవాళ ఎవరికి తెలుసు? బస్టాపు పేరు మిగిలింది, దాంతోపాటు రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలు మిగిలాయి. ఆయనకు ఆరో నిజాం 1894లో బిరుదిచ్చాడు. తీసినవి చాలావరకు ప్రభువుల కోసం తీసినవే, అయినా ఇవాళ అవి మనవి.

అందుకే ఇప్పుడు నా పద్ధతి మార్చాను. ముందు గడీని రికార్డు కోసం తీస్తాను. ఎదురుగా నిలబడి, మబ్బు పట్టిన వేళ, నీడలు లేకుండా, జర్మనీలో బెఖర్ దంపతులు నీళ్ళ ట్యాంకులను, ఉక్కు కొలిమిలను తీసినట్టు. నాలుగు గోడలు, కప్పు, దర్వాజలు, కొలత తెలియడానికి పక్కన ఒక కర్ర. అందులో నా కళ ఏమీ లేదు, ఉండాల్సిన పని లేదు. తర్వాత వెలుతురు కోసం ఆగి నా ఇష్టానికి తీసుకుంటాను. మూడోది, ఊళ్ళో గడీని ఎరిగిన ముసలివాళ్ళను పట్టుకుని ఏ అర్ర ఏమిటో అడిగి రాసుకుంటాను, వాళ్ళు ఒప్పుకుంటే అక్కడే నిలబెట్టి తీస్తాను. అవ్వనూ తీశాను. ఐఎస్ఓ 3200కు పెంచి, ఎఫ్ 2.8కి తెరిచి, సెకనులో ముప్పయ్యో వంతులో. గింజలు గింజలుగా వచ్చింది, చిలుకల ఈకలు మసకబారాయి. ఆమె ఎక్కం బోర్డు ముందు మేక తాడు పట్టుకుని నిలబడింది, కళ్ళు కెమెరా మీద కాదు, రోలు ఉన్న మూల మీద. పోటీలకు పంపితే మొదటి రౌండులోనే తీసేస్తారు. నేను తీసినవాటిలో నాకు కావలసింది అదే.

డిసెంబరులో వస్తానన్నావు. నీ 24 ఎంఎం టిల్ట్-షిఫ్ట్ లెన్సు తప్పక తీసుకురా, ఇక్కడ అద్దెకు దొరకడం కష్టం. నా వైడ్ లెన్సుతో బురుజులన్నీ వెనక్కి వాలిపోయినట్టు వస్తున్నాయి. ఈలోగా నీ డెట్రాయిట్ ఫొటోల కింద ఒక్కో వాక్యం రాసి మళ్ళీ పంపు, ఏ గదిలో ఏం పని జరిగేది, చివరిగా ఎవరు పని చేశారు అని. మీ వీధి చివర ఉంటాడన్నావే, ప్యాకార్డ్‌లో వాళ్ళ నాన్న పని చేశాడని చెప్పిన పెద్దాయన, ఆయనను అడుగు. ఇక్కడ గడీలను లోపలి నుంచి చూసినవాళ్ళు ఊరికి ఒకరిద్దరే మిగిలారు, వాళ్ళలో అవ్వ ఒకతె. సంక్రాంతికి చూద్దాంలే అని వాయిదా వేయకుండా టికెట్ తీసుకో.

ఇట్లు,
నీ తమ్ముడు